పట్టు సడలిన ఇరుసు: మార్చుటా, మరమ్మతు చేయుటా?

కళాశాల వార్షిక సంచికలో బండి ఇరుసును గూర్చిన వ్యాసమా అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. తెలుగు పాఠం చెప్పుకొనే మేము నూనె మరకల వ్యవహారంలో తల దూర్చుట ఎందుకని కార్యవర్గ సభ్యులు నవ్వుకొనవచ్చును. అయినను ఈ సంవత్సరం మన కళాశాల ఎదుట నిలిచిన ఒక చిన్న ప్రశ్న మమ్ము ఈ సాహసానికి పురికొల్పినది. మన పాత బండి వెనుక ఇరుసులోని భాగాలు ఆటోనగరులో ఒక బల్లమీద విప్పిపెట్టి ఉన్నవి. వాటిని బాగు చేయించవలెనా, మొత్తం కొత్తది వేయించవలెనా, లేక బండినే పాత ఇనుము కింద అమ్మివేయవలెనా అన్నది ఇంకను తేలలేదు. ఆ నిర్ణయానికి ముందు మా మాట కూడ ఆలకించవలసినదిగా మనవి.

2024 ఆగస్టు చివరి దినాలలో, సెప్టెంబరు ఆరంభంలో కురిసిన వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలను ముంచివేసిన సంగతి మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ దినాలలోనే ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. బుడమేటి నీరు కొల్లేటి దారి పట్టి నందివాడ మండలంలోని పల్లెలను కూడ చుట్టుముట్టినది. నగరంలో నీరు తీయగానే మన విద్యార్థులు బియ్యం, మంచినీరు, మందులు బండి నిండా ఎక్కించుకొని ఆ వైపు బయలుదేరారు. మేమూ వారి వెంట ఉన్నాము. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి గదా, ఏ గట్టు మీదనైనా పోవునన్న ధీమా అందరిలో ఉన్నది.

ఒక కాలువ గట్టు మీద ఎదురుగా వచ్చిన బండికి దారి ఇయ్యబోయి మన బండి ఎడమకు ఒరిగినది. ఎడమవైపు చక్రాలు రెండూ గట్టు అంచున నల్లరేగడి బురదలో దిగినవి. కుడివైపు చక్రాలు రెండూ గట్టి కంకర మీదనే ఉన్నవి. డ్రైవరు నాలుగు చక్రాల మీట వేసి ఎంత తొక్కినను ఎడమ చక్రాలు మాత్రం గిరగిర తిరిగి బురద చిమ్మినవి; కుడి చక్రాలు కదలలేదు. గట్టు మీద నిలబడి చూస్తున్న ఒక రైతు, “నాలుగు చక్రాల బండన్నారు గదండీ, మరి రెండే తిరుగుతున్నాయేమండీ?” అని అడిగాడు. ఎం.ఏ. పట్టా గల మేము గాని, సైన్సు చదివే మా విద్యార్థులు గాని ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయాము. చివరకు ట్రాక్టరు వచ్చి లాగేసరికి పొద్దు గూకినది. మంచినీటి కోసం ఎదురుచూసిన ఊరు అంతవరకు ఎదురుచూస్తూనే ఉన్నది. ఈ వ్యాసం ఆ రైతుకు మేము ఆలస్యంగా ఇచ్చే సమాధానం.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం నడవవలెను. ఇరువైపుల చక్రాల మధ్య ఎడం 5 అడుగులైతే, లంబకోణంలో ఒక మలుపు పూర్తి అయ్యేసరికి బయటి చక్రం సుమారు 8 అడుగులు ఎక్కువ నడుస్తుంది. రెండు చక్రాలను ఒకే కడ్డీకి బిగించినచో ఏదో ఒకటి రోడ్డును గీచుకొంటూ ఈడ్చబడక తప్పదు. ఈ చిక్కు తీర్చుటకై ఇరుసు నడుమ అమర్చిన పళ్లచక్రాల కూర్పే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశపు గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల చివర ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు పొందాడు. నేటికీ బండ్లలో అదే సూత్రం సాగుతున్నది.

అయితే ఈ కూర్పులో ఒక బలహీనత ఉన్నది. ఇది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. ఒక చక్రం బురదలో పడి ఏ అడ్డూ లేక తిరిగినప్పుడు దానిని తిప్పుటకు కావలసిన బలం అత్యల్పం. కాబట్టి గట్టి నేల మీద ఉన్న రెండవ చక్రానికి కూడ అంత అత్యల్పమే అందుతుంది. నాలుగు చక్రాల బండిలో ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి డిఫరెన్షియల్ ఉండును గనుక, ఒక పక్క చక్రాలు రెండూ జారినప్పుడు రెండు ఇరుసులూ ఒకేసారి ఓడిపోతాయి. రైతు కన్ను చూచినది సరిగా ఇదే.

ఈ బలహీనతకు విరుగుడుగా పుట్టినది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అనగా జారుడును ఒక హద్దులో ఉంచే డిఫరెన్షియల్. 1935లో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే పందెపు కార్ల కోసం జడ్.ఎఫ్. సంస్థ చేత ఇటువంటి దానిని తయారు చేయించాడు. క్రమంగా అది జీపుల వంటి మోటు బండ్లకూ వచ్చినది. మన బండి వెనుక ఇరుసులో ఉన్నదీ ఈ జాతిదే. దీనిలో మామూలు పళ్లచక్రాల పక్కన పలుచని క్లచ్ ప్లేట్లు వరుసగా పేర్చి ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి, కొన్ని ఇరుసు పక్క పళ్లచక్రానికి, కొన్ని చుట్టూ ఉన్న డొల్లకు తగులుకొని ఉంటాయి. స్ప్రింగు వాటిని కొంత అదిమి ఉంచుతుంది. ఇంజను బలం పడినకొద్దీ ఇంకా గట్టిగా అదుముకొంటాయి. ఒక చక్రం విచ్చలవిడిగా తిరగబోతే ఈ ప్లేట్ల రాపిడి దానిని పట్టి, కొంత బలాన్ని నిలిచి ఉన్న చక్రానికి మళ్లిస్తుంది. మలుపులో మాత్రం ఆ ప్లేట్లు నెమ్మదిగా జారి తోవ ఇస్తాయి.

మరి అటువంటిది ఉండి కూడ గట్టు మీద బండి ఎందుకు నిలిచిపోయినది? ప్లేట్లు అరిగిపోయినవి గనుక. అరిగిన బేరింగు మోత పెడుతుంది. అరిగిన బ్రేకు కీచుమంటుంది. పట్టు పోయిన ఈ ప్లేట్లు మాత్రం చడీచప్పుడూ లేక బండిని మామూలు బండిగా మార్చివేస్తాయి. బెంజి సర్కిల్ నుండి బందరు వరకు రోడ్డు మీద ఎన్నిసార్లు నడిపినను ఆ లోపం బయటపడదు. అవసరం వచ్చిన దినాన, బురదలో, ఊరివారి ఎదుట మాత్రమే అది తెలుస్తుంది.

ఆటోనగరులో మేము ఆశ్రయించిన ఉస్తాదు అరవై దాటినవారు. ఎనిమిదవ తరగతితో చదువు మాని, షాగిర్దుగా రించీలు అందిస్తూ పని నేర్చినవారు. 1960లలో రూపుదిద్దుకొన్న జవహర్ ఆటోనగర్ ఇటువంటి చేతుల మీదనే పేరు తెచ్చుకొన్నది. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, తాతలు అక్కడ పనిచేసినవారే. ఆయన బండిని చూడగానే ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టించి, మీటలన్నీ న్యూట్రలుకు తెచ్చి, చేతి బ్రేకు వదలి, వెనుక ఇరుసును ఎత్తి స్టాండ్ల మీద నిలిపారు. ఒక వెనుక చక్రాన్ని చేత్తో తిప్పారు. రెండవది ఎదురు దిశలో తిరిగినది. “పట్టున్నదైతే రెండూ ఒకే వైపు తిరగాలి సార్. పకడ్ పోయింది,” అన్నారు. అంతే పరీక్ష. ఇంజను నడుపుతూ, గేరు వేసి, ఒక చక్రం మాత్రం ఎత్తి ఈ రకం బండిని ఎన్నడూ పరీక్షింపరాదని, కింద ఉన్న చక్రం పట్టు చిక్కించుకొని బండిని జాకీ మీదినుండి దూకించగలదని విద్యార్థులను హెచ్చరించారు.

నూనె దింపగా పాలు కలిపిన తేనీటి రంగులో వచ్చినది. వేడెక్కిన ఇరుసు చల్లని వరద నీటిలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని, ఊపిరి గొట్టం గుండా నీటిని లోపలికి పీల్చుకొంటుందట. అయితే అరుగుదలకు వరద ఒక్కటే కారణం కాదు. వెనుక టైర్లు రెండింటిలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది. రెండేండ్ల క్రిందట ఒక టైరు పగిలినప్పుడు ఖర్చు తగ్గించుటకు ఒక్కటే కొన్నాము. చుట్టుకొలతలో తేడా ఉన్న రెండు చక్రాలు తిన్నని రోడ్డు మీద కూడ సమానంగా తిరగవు. ఆ తేడాను ప్లేట్లు నిరంతరం జారుతూ భరించవలెను. ఒక టైరు మీద చేసిన పొదుపు ఇరుసు లోపల వడ్డీతో వసూలైనది. ఈ తప్పు బండిది కాదు, మెకానిక్కుదీ కాదు, మనది.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన ఘట్టం. ఉస్తాదు విప్పిన ప్లేట్లను ఒక్కొక్కటిగా తుడిచి బొటనవ్రేలి గోటితో గీచి చూచి, పనికివచ్చేవి ఒక పక్క, రానివి ఒక పక్క పెట్టారు. బి.ఎస్సీ. రెండవ సంవత్సరం చదివే మన విద్యార్థిని ఒకరు ఆ బండి మాన్యువలు తెరచి, ప్లేటు మందం ఎంతకు తగ్గరాదో చదివి చెప్పినది. మాన్యువలు ఇంగ్లీషులో ఉన్నది. ఆయన దానిని ఎన్నడూ చదువలేదు. మైక్రోమీటరుతో కొలువగా ఆయన తీసివేసినవన్నీ తీసివేయదగినవే. అయితే ఆయన ఉంచిన వాటిలో రెండు హద్దుకు దిగువన ఉన్నవి. ఆయన చిన్నబుచ్చుకొనలేదు. మళ్లీ ఆ విద్యార్థిని చేయి పట్టి, డొల్లలో ప్లేటు చెవులు తగిలే గాడి అంచున చిన్న మెట్టు పడి ఉండుటను వ్రేలికొనతో తడిమి చూపారు. “ఇది నీ పుస్తకంలో ఉందా బేటా?” అని అడిగారు. లేదు. ఆ మెట్టును నున్నగా రాయకపోతే కొత్త ప్లేట్లు దానిలో చిక్కుకొని జారవలసినప్పుడు జారవు.

తరువాత ఆమె నూనెను గూర్చిన పేజీ చదివినది. ఈ ప్లేట్లకు తగిన రాపిడి గుణం గల నూనె, లేదా మామూలు గేరు నూనెలో కలిపే ప్రత్యేక ద్రవం తప్పనిసరి అనీ, లేకపోతే మలుపులో ప్లేట్లు పట్టి విడిచి, పట్టి విడిచి గరగర శబ్దం చేస్తాయనీ అందులో ఉన్నది. ఉస్తాదు చాలసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: “మలుపులో అట్లా మోత పెట్టిన బండ్లు ఎన్నిటికో ప్లేట్లు పోయాయనుకొని విప్పాను సార్. కొన్నిటికి నూనె మారిస్తే సరిపోయేదేమో.” నలువది ఏండ్ల అనుభవం గల మనిషి, తన షాగిర్దు ఎదుట, చదువుకొన్న పిల్ల ఎదుట పలికిన మాట ఇది. మా పాఠాలలో ఇంత నిజాయితీ గల వాక్యాన్ని మేము అరుదుగా పలికి ఉంటాము.

ఇప్పుడు కార్యవర్గం ముందున్న మార్గాలను పరిశీలింతము. మొదటిది, బండిని అమ్మివేయుట. పాత బండ్ల తొలగింపు విధానం 2021లో వచ్చినదనీ, ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ నుండి 15 ఏండ్ల హద్దు అమలులోకి వచ్చినదనీ కొందరు సభ్యులు గుర్తు చేశారు. నిజమే. కాని మన బండి ప్రభుత్వానిది కాదు. దాని పునర్నమోదు గడువు ఇంకను మిగిలి ఉన్నది. ఇంజను, చట్రం, బ్రేకులు బాగున్నవి. చెప్పు తెగినదని కాలు తీసివేయుట ఎంత సబబో ప్లేట్లు అరిగినవని బండిని అమ్ముట అంతే సబబు.

రెండవది, పాత సామాను అంగడిలో దొరికే వాడిన కూర్పును తెచ్చి బిగించుట. ఇది చవుక, ఒక్క పూట పని. కాని దానిలో ప్లేట్లు ఎంత అరిగినవో విప్పి కొలిచినగాని తెలియదు. విప్పి కొలిచేటట్లయితే మనదే కొలవవచ్చును గదా. మూడవది, డ్రైవరు సోదరుడు చెప్పినది: లోపలి పళ్లచక్రాలను వెల్డింగు చేసి ఒకటిగా అతికించుట. అప్పుడు రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, బురదలో మేలే. కాని రోడ్డు మలుపులో టైర్లు ఈడ్చుకొనిపోతాయి, ఇరుసు కడ్డీలు విరిగే ప్రమాదం ఉన్నది, తడి రోడ్డు మీద బండి అదుపు తప్పవచ్చును. విద్యార్థులు ఎక్కే బండికి ఈ ఆలోచన మాటవరసకైనను రాకూడదు.

నాలుగవది, పూర్తిగా కొత్త కూర్పు కొనుట. దీనిని మేము గుడ్డిగా వ్యతిరేకించము. డొల్లలోని గాళ్లు లోతుగా తినివేయబడినను, పక్క పళ్లచక్రాల పళ్లు పెళ్లలు రేగినను, లోపలి నునుపు తలాలు నీలిరంగు తిరిగేటంతగా మాడినను మరమ్మతు వృథా, కొత్తదే గతి. క్రౌను, పీనియను పాడైనచో రెండింటినీ జతగానే మార్చవలెను. ఒకటి కొత్తది, ఒకటి పాతది పొసగవు. మా మాట ఏమనగా, మార్చుటా, మరమ్మతా అన్నది ధర చూచి గాని, పాతదానిపై మమకారంతో గాని తేల్చవలసినది కాదు. విప్పి, కడిగి, కొలిచి తేల్చవలసినది. మన దానిని విప్పారు, కడిగారు, కొలిచారు. డొల్ల గట్టిగా ఉన్నది. చిన్న మెట్టు రాయదగినది. పళ్లచక్రాలు, క్రౌను, పీనియను నిర్దోషంగా ఉన్నవి. పోయినవి ప్లేట్లు, స్ప్రింగులు, బేరింగులు, సీళ్లు మాత్రమే. కాబట్టి మరమ్మతే న్యాయమని మా నిశ్చితాభిప్రాయం.

అయితే మరమ్మతు అన్నపేరుతో సగం పని జరుగరాదు. ప్లేట్లు కొన్ని కొత్తవి, కొన్ని పాతవి కలుపక, ఒకే సంచం మొత్తం వేయవలెను. వాటిని బిగించుటకు ముందు తగిన నూనెలో నానబెట్టవలెను. బేరింగు టోపీలు కుడిది కుడికి, ఎడమది ఎడమకు, విప్పిన గుర్తుల ప్రకారమే తిరిగి పెట్టవలెను. క్రౌనుకు, పీనియనుకు నడుమ ఉండవలసిన సందు మిల్లీమీటరులో చిన్న భాగం. దానిని కంటితో గాక డయల్ గేజితో సరిచూడవలెను. పళ్లకు రంగు పూసి తిప్పి, పంటి నడుమ ముద్ర పడుచున్నదో లేదో చూడవలెను. చివరకు ఎత్తిన చక్రాన్ని టార్కు రెంచితో తిప్పి, పట్టు మాన్యువలు చెప్పిన మేరకు వచ్చినదో లేదో కాగితం మీద రాసి ఇయ్యవలెను. ఊపిరి గొట్టానికి పొడవైన రబ్బరు గొట్టం తగిలించి నీటికి అందనంత ఎత్తున కట్టవలెను. వెనుక టైర్లు రెండూ జతగా ఒకేసారి కొనవలెను. ఇవన్నీ కలిపినను ఖర్చు కొత్త కూర్పు ధరకు చాల దిగువన ఉంటుందని ఉస్తాదు చెప్పారు. బాగుపడిన తరువాత కూడ ఇది మంత్రదండం కాదని అందరమూ గుర్తుంచుకొనవలెను. చక్రం పూర్తిగా గాలిలో తేలినప్పుడు ప్లేట్ల పట్టు ఒక హద్దు వరకే ఆదుకొంటుంది.

ఇంతవరకు బండి సంగతి. దీనితో ముడిపడిన మరొక సంగతి విన్నవించి ముగింతుము. ఆ బల్ల దగ్గర ఒక చేయి, ఒక పుస్తకం కలుసుకొన్నవి. గోరు తప్పినచోట పుస్తకం దిద్దినది. పుస్తకం చూడనిచోట వ్రేలు పట్టుకొన్నది. నలువది ఏండ్లు ఒకే ఊరిలో, మైలు రెండు మైళ్ల దూరంలో ఉండి కూడ అవి కలుసుకొనలేదు. మనం ఆయనను చదువు రానివాడన్నాము; ఆయన మనలను పని రానివారన్నాడు. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరి నష్టమూ నిజమే. ఆయన వద్ద ఇప్పుడు ఒక్క షాగిర్దు మాత్రం ఉన్నాడు. ఆ వ్రేలికొనకు తెలిసినది ఎక్కడా వ్రాసి లేదు.

ఇది మన భాషలకు చేతగాని పని కాదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలు బోధించుటకై అంతకు ముందు సంవత్సరమే దారుల్ తర్జుమా ఏర్పడి పారిభాషిక పదాలు కూర్చినది. తెలుగులో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యవంలో మాండలిక వృత్తి పదకోశం తలపెట్టి, 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు ప్రకటించినది. రైతు మాట, నేతగాని మాట గ్రంథస్థమైనట్లే మెకానిక్కు మాట కూడ ఏల కాకూడదు? ఆటోనగరులో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, సామాను పేర్లు ఇంగ్లీషు. ఈ మూడు భాషలూ ఒకే నోట పలికే ఉస్తాదులు అక్కడ ఉన్నారు. ఉర్దూ, తెలుగు రెండు విభాగాలూ గల కళాశాల మనది. ఈ పనికి మనకంటె తగినవారు ఎవరు?

కావున కార్యవర్గానికి మా విన్నపాలు రెండు. బండిని అమ్మక, పైన చెప్పిన షరతులతో మరమ్మతుకు అనుమతి ఇయ్యవలెను. ఆ మరమ్మతు జరిగే దినాలలో సైన్సు విద్యార్థులు నలుగురు, భాషా విద్యార్థులు నలుగురు ఉస్తాదు పక్కన కూర్చుండి, ఆయన చేసిన ప్రతి పనినీ, పలికిన ప్రతి మాటనూ రెండు భాషలలో వ్రాసికొనుటకు సెలవు ఇయ్యవలెను. ఆ వ్రాతను వచ్చే సంచికలో అచ్చువేయుదము. ఆయనకు చదివి వినిపింతము. తప్పులుంటే ఆయనే దిద్దుతారు.

కొత్త ప్లేట్లు వేసిన తరువాత బండిని ఖాళీ మైదానంలో మెల్లగా, ఎనిమిది అంకె ఆకారంలో పలుమార్లు తిప్పవలెనట. అప్పుడే నూనె ప్లేట్లన్నిటికీ చేరి పట్టు కుదురుకొంటుంది. మన కళాశాల మైదానం అందుకు చాలును. ఆ పని ముగిసిన మరునాడు, వర్షాకాలం రాకముందే, నందివాడ వైపు ఆ గట్టు మీదికి మరల ఒకసారి పోవలెనని మా కోరిక. ఆ రైతు కనిపిస్తే, నాలుగింటిలో రెండే ఎందుకు తిరిగినవో ఈసారి నిలబడి చెప్పగలము.